సముద్రం తెలియని పడవలు

తీరం మీద యుద్ధం – 7వ భాగం

ఇంగ్లండ్ నైరుతి మూలన, ఉత్తర డెవన్ తీరంలో టా, టారిడ్జ్ అనే రెండు నదులు కలిసి సముద్రంలో పడతాయి. ఆ మొగకు ఉత్తరాన బ్రాంటన్ బరోస్ ఉంది. ఆ దేశంలోని అతి పెద్ద ఇసుక దిబ్బల ప్రాంతాల్లో అదొకటి. దిబ్బల పక్కగా సాగే గతుకుల బాటను ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ అమెరికన్ రోడ్డు అంటారు. ఆ బాట పట్టుకుని చివరిదాకా వెళ్తే గడ్డి మధ్య కాంక్రీటు పలకలు కనిపిస్తాయి. ఏదో పాత షెడ్డు పునాది అనుకుని చాలామంది దాటిపోతారు. కాస్త ఆగి చూస్తే ఆకారం తెలుస్తుంది. పొడవాటి నేల, రెండు పక్కలా అంచు, ఒక కొసన కిందికి దిగే వాలు. ఇల్లు కట్టే ముందు స్థలంలో ముగ్గు పోసినట్టు, ఒక పడవ కొలతలు నేల మీద పరిచి ఉంటాయి. ఆ పడవ ఎన్నడూ నీళ్ళలో దిగలేదు. దిగడానికి కట్టిందీ కాదు.

గత భాగాల్లో మనం చూసినదంతా 1940 నాటి భయం. జర్మన్లు ఏ రాత్రి వచ్చి ఒడ్డున దిగుతారో అని బ్రిటన్ దాదాపు 28,000 పిల్‌బాక్సులు కట్టింది. అవి కాపలా కట్టడాలు, వాటి మీద పుస్తకాలకు కొదవలేదు. ఈ వారం మాట్లాడుకోబోయేవి మూడేళ్ళ తర్వాతివి, ఎదురు దిశలో చూసేవి. అవతలి ఒడ్డు మీద దిగడం ఎలాగో సైనికులకు నేర్పిన తర్ఫీదు మైదానాల ఆనవాళ్ళు. వీటిని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ యుద్ధం జరగలేదు, వీరగాథలు పుట్టలేదు, కట్టినవాళ్ళు కూడా ఏడాది నిలిస్తే చాలనుకుని కట్టారు. నాకు మాత్రం యుద్ధభూమి కంటే ఇవే ఎక్కువ మాట్లాడతాయనిపిస్తుంది. యుద్ధభూమిలో మిగిలిన శిథిలాలు ఏం జరిగిందో చెబుతాయి. తర్ఫీదు మైదానం దగ్గర ఇంకో సంగతి బయటపడుతుంది: ఏం జరగబోతోందని పెద్దలు ఊహించారో, ఊహలో ఏది జారిపోయిందో.

కథ మొదలు డియెప్ దగ్గరుంది. 1942 ఆగస్టు 19న ఫ్రాన్స్ తీరంలోని ఆ రేవు పట్నం మీద మిత్రరాజ్యాలు దాడి చేశాయి. దిగినవాళ్ళలో ఎక్కువమంది కెనడా సైనికులు, దాదాపు 5,000 మంది. ఆ ఒక్క పూటలో వాళ్ళలో 900 మందికి పైగా చనిపోయారు, దాదాపు రెండు వేల మంది బందీలయ్యారు. గులకరాళ్ళలో ట్యాంకుల గొలుసులు కూరుకుపోయాయి. ఒడ్డు మీది అడ్డుగోడల వెనక్కి చేరినవాళ్ళకు ముందుకు దారి దొరకలేదు. కాంక్రీటు గూళ్ళలో కూర్చున్న శత్రువు మీదికి సముద్రంలోంచి లేచి వెళ్ళడమనేది మామూలు పదాతిదళానికి తెలిసిన విద్య కాదని ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

1943లో అమెరికన్ సేనలు ఇంగ్లండ్‌లో పెరుగుతున్నకొద్దీ ఈ విద్య నేర్పే బడి కావాల్సి వచ్చింది. ఆ పని పాల్ థాంప్సన్ అనే ఇంజినీరు అధికారి మీద పెట్టారు. యుద్ధానికి ముందు జర్మనీలో ఉండి వాళ్ళ పద్ధతులు చూసినవాడు, వాటి మీద రాసినవాడు కూడా. ఆయనకు సిద్ధంగా ఉన్న పాఠ్యపుస్తకం ఏదీ దొరకలేదు. మే, జూన్ నెలల్లో లండన్‌లో ఇదే విషయం మీద పెద్ద సమావేశం పెట్టి, తీర దాడి గురించి ఎవరికి ఏం తెలుసో పోగుచేసుకోవాల్సి వచ్చింది. తీరం వెతుక్కోవడం ఇంకో తంటా. అనువైన చోట్లు చాలావరకు బ్రిటిష్ సేనల చేతుల్లో ఉన్నాయి. అమెరికన్లకు దొరికింది ఉత్తర డెవన్‌లోని వులకూమ్, క్రోయిడ్, సాంటన్ తీరాలు. అట్లాంటిక్‌కు నేరుగా ఎదురు నిలిచిన ఒడ్డులవి, అలలకు అడ్డూ ఆపూ ఉండదు. ఇవాళ సర్ఫింగ్ పలకలు చంకన పెట్టుకుని దేశం నలుమూలల నుంచీ కుర్రవాళ్ళు అక్కడికి చేరేది ఆ అలల కోసమే. పడవ నడిపేవాడికి మాత్రం అది నరకం. అయినా ఆ తీరానికి ఒక గొప్ప గుణం ఉంది. చదునైన ఇసుక, తక్కువ వాలు, పోటుకూ ఆటుకూ మధ్య చాలా దూరం వెనక్కి పోయే నీరు, ఇవన్నీ అవతలి ఒడ్డున దాడి జరగబోయే నార్మండీ తీరానికి దగ్గరగా ఉన్నాయి.

వులకూమ్‌లోని పెద్ద హోటల్ ఒకటి హెడ్‌క్వార్టర్స్ అయింది. 1943 సెప్టెంబరు 1న తర్ఫీదు మొదలైంది. ముందుగా వచ్చింది 29వ డివిజన్‌కు చెందిన 116వ రెజిమెంటు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కాంక్రీటు పడవల అవసరం ఇక్కడే పడింది. ఆ ఏడాది ల్యాండింగ్ క్రాఫ్ట్‌లకు ప్రపంచమంతటా కరువు. జులైలో సిసిలీ, సెప్టెంబరులో ఇటలీ ప్రధాన భూభాగం, అటు పసిఫిక్‌లో దీవి తర్వాత దీవి, అన్నిచోట్లా అవే కావాలి. ఉన్న కాసిని పడవలను తర్ఫీదు కోసం అట్లాంటిక్ అలల్లో పగలగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. పైగా వాతావరణం బాగోలేని రోజుల్లో సైనికులు ఊరికే కూర్చోకూడదు. అందుకని దిబ్బల మధ్య పడవల నమూనాలు అసలు కొలతలతో పోశారు. సైనికులు ఎక్కే చిన్న పడవలకు చిన్నవి, ట్యాంకులూ లారీలూ మోసే పెద్ద పడవలకు పెద్దవి. చిన్నవాటికి మూలమైన అసలు పడవ దాదాపు 11 మీటర్ల పొడవు, 3 మీటర్లకు కాస్త మించిన వెడల్పు, చెక్కతో చేసింది. ముందు భాగంలో కిందికి పడే ఉక్కు తలుపే దిగడానికి వాలు. అందులో ఒక అధికారి, దాదాపు 30 మంది సైనికులు.

ఈ ముప్పైమంది సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ కాంక్రీటు నేల కట్టింది వాళ్ళ కోసమే. మామూలు పదాతిదళంలో తుపాకులవాళ్ళొకచోట, మోర్టారువాళ్ళొకచోట, పేలుడు పదార్థాలవాళ్ళు ఇంకెక్కడో వెనక ఉంటారు. తీరం మీద దిగేటప్పుడు ఆ అమరిక పనికిరాదు. ఒక పడవ ఒడ్డుకు చేరి పక్క పడవ మునిగిపోతే? అందుకని ఏ పడవకాపడవ ఒక చిన్న సైన్యంలా తనంతట తాను ఒక కాంక్రీటు గూడును పడగొట్టగలిగేలా మనుషులను కూర్చారు. ముందు అధికారి, ఆయన వెంట ఐదుగురు తుపాకులవాళ్ళు. ఆ వెనక ముళ్ళతీగ కత్తిరించేవాళ్ళు నలుగురు. తర్వాత తేలికరకం మెషిన్‌గన్లతో ఇద్దరేసి చొప్పున రెండు జట్లు, బజూకాలతో ఇంకో రెండు జట్లు. చిన్న మోర్టారు మోసే నలుగురు. నిప్పు చిమ్మే యంత్రం వీపున కట్టుకున్నవాడు, వాడికొక తోడు. కర్రల చివర టీఎన్‌టీ పొట్లాలు కట్టుకున్న ఐదుగురు. అందరికీ వెనక వైద్య సహాయకుడు, ఉపనాయకుడు.

ఈ వరస తప్పకూడదు. ముళ్ళతీగ కత్తిరించేవాడి కంటే ముందు నిప్పు యంత్రంవాడు దిగితే తీగ దగ్గర ఆగిపోతాడు, అక్కడే చస్తాడు. కాబట్టి ఎవడు ఎక్కడ నిలబడాలో, తలుపు పడగానే ఎవడి వెనక ఎవడు దిగాలో, దిగాక ఎటు విడిపోవాలో కాళ్ళకు అలవాటయ్యేదాకా చేయించారు. దానికి సముద్రం అక్కర్లేదు, కొలతలు సరిపోయే నేల చాలు. ఒకే గుంపు పొద్దుటినుంచీ ఆ కాంక్రీటు పడవ ‘ఎక్కి’, ‘దిగి’, మళ్ళీ ‘ఎక్కి’ ఉండాలి. చూసేవాళ్ళకు నవ్వు పుట్టించే పనే. లారీ డ్రైవర్ల పని ఇంకా కష్టం. పెద్ద పడవలోకి బండిని వెనక్కి నడిపి ఎక్కించాలి, అటూ ఇటూ జానెడు ఖాళీ ఉంటే గొప్ప. దిగేటప్పుడు ముందుకు దిగాలి కదా మరి.

పడవ దిగాక పాఠం కొండల మీదికీ దిబ్బల్లోకీ మారేది. క్రోయిడ్‌కు ఉత్తరాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన బ్యాగీ పాయింట్ అనే రాతి ముక్కు మీద ఉత్తుత్తి పిల్‌బాక్సులు కట్టారు. వాటిలో కొన్ని ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. దిబ్బల్లో బజూకాలకు గురిగా నిలిపిన గోడలున్నాయి. వాటి మీద గుంటలు చూస్తే తర్ఫీదు ఏ రకమో అడగక్కర్లేదు. బ్యాగీ పాయింట్‌లోనూ దిబ్బల్లోనూ వాడింది అసలు తూటాలూ అసలు పేలుడు పదార్థాలే.

తీరాన కాంక్రీటు దిమ్మ కనిపించగానే అది కాపలా కట్టడమో, తర్ఫీదు కట్టడమో పురావస్తువాళ్ళు ఎలా చెబుతారని పాఠకులు అడగవచ్చు. మొదట చూసేది ముఖం ఎటు ఉందని. శత్రువు కోసం కట్టిన పిల్‌బాక్సు సముద్రం వైపో, దారి వైపో చూస్తుంది. అర్థంలేని దిక్కుకు చూస్తోందంటే అనుమానించాలి. లోపలికి వెళ్ళే తోవ లేకుండా గట్టి దిమ్మగా ఉంటే అనుమానం బలపడుతుంది, లోపల మనిషి ఉండాల్సిన అవసరమే లేదన్నమాట. తర్వాత దెబ్బలు. ఒకే మొహం మీద, ఒకే ఎత్తులో, పదేపదే తగిలిన దెబ్బలు యుద్ధంలో పడవు. ఆ తర్వాత నేల మీద దొరికే తూటా తొడుగులు. తూటా తొడుగు అడుగున కర్మాగారం గుర్తు, తయారైన సంవత్సరం ముద్రవేసి ఉంటాయి. 42, 43 అని అంకెలూ, అమెరికన్ కర్మాగారాల అక్షరాలూ ఉన్న తొడుగులు గుట్టగా ఒకచోట దొరికితే కాల్చినవాడు ఎక్కడ పడుకున్నాడో చెప్పేయొచ్చు. వాటి ఎదురుగా తూటాలు గుచ్చుకున్న మట్టికట్ట ఉంటే లెక్క పూర్తయినట్టే. ఇక పైనుంచి చూడాలంటే 1940ల్లో బ్రిటిష్ వైమానిక దళం తీసిన ఫొటోలున్నాయి. నేల మీద ఇవాళ చదునైపోయిన కందకాలూ, గుండ్లు పడిన గుంటలూ, ట్యాంకుల జాడలూ ఆ నలుపుతెలుపు ఫొటోల్లో స్పష్టంగా కనిపిస్తాయి.

బ్రాంటన్ దిబ్బలు ఇప్పుడు యునెస్కో గుర్తించిన జీవావరణ ప్రాంతంలో ప్రధాన భాగం. ఇంగ్లండ్‌లో మరెక్కడా సులభంగా కనిపించని మొక్కలు అక్కడ పెరుగుతాయి. ట్యాంకులు దున్నేసిన నేల అరుదైన మొక్కల నేల అయిందంటే ఎబ్బెట్టుగా తోచవచ్చు. కానీ ఇసుక దిబ్బ స్వభావం తెలిసినవాళ్ళు ఆశ్చర్యపోరు. దిబ్బ కదలకుండా ఉంటే పొదలు అల్లుకుపోయి చిన్న మొక్కలను మింగేస్తాయి. కాస్త ఇసుక ఎప్పుడూ విప్పారి ఉండాలి. అక్కడ సైనిక విన్యాసాలు ఇప్పటికీ జరుగుతూనే ఉంటాయి. అప్పుడప్పుడు గాలికి ఇసుక తొలగి పాత మోర్టారు గుండు బయటపడితే బాంబు నిర్వీర్య దళం వచ్చి పేల్చేసి వెళ్తుంది. కాంక్రీటు పడవలను చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు.

ఆ పడవ నేర్పలేనిది ఒకటుంది. అది ఊగదు. అందులో నిలబడ్డవాడికి కడుపులో తిప్పదు, బట్టలు తడిసి బరువెక్కవు, ఒడ్డు ఎంత దూరంలో ఉందో తెలియక అర్ధరాత్రి చీకట్లో తడుముకోవాల్సిన పని ఉండదు. సముద్రం తప్ప మిగతా అంతా నేర్పిన బడి అది. లోపం థాంప్సన్‌ది అనడానికి లేదు, ఆయనకు ఇచ్చినదానితో ఆయన చేయగలిగినంత చేశాడు. ఆ సముద్రం పాఠం వేరే చోట్ల చెప్పింది, ఫీజు కూడా వసూలు చేసింది.

డోర్సెట్ తీరంలో స్టడ్లండ్ అనే చిన్న అఖాతం. అక్కడి కొండ అంచున ఫోర్ట్ హెన్రీ అని దాదాపు 27 మీటర్ల పొడవైన కాంక్రీటు గది ఉంది. 1943లో కెనడా ఇంజినీర్లు కట్టారు. గోడలు మందంగా, సముద్రానికి ఎదురుగా పొడవాటి సన్నని సందుతో, పెద్దలు నిలబడి విన్యాసాలు చూడడానికి వీలుగా ఉంటుంది. 1944 ఏప్రిల్‌లో ఆ సందులోంచి ఆరో జార్జి రాజు, చర్చిల్, ఐసెన్‌హోవర్, మాంట్‌గోమరీ నలుగురూ కలిసి చూశారు. అంతకు రెండు వారాల ముందు, ఏప్రిల్ 4న, అదే నీళ్ళలో ‘స్మాష్’ అనే విన్యాసం జరిగింది. తేలే ట్యాంకులను పరీక్షించడం దాని పని. ట్యాంకు చుట్టూ కాన్వాసు గుడ్డతో ఎత్తైన తెర నిలబెట్టి, వెనక చిన్న పంకా తగిలించి, పడవలోంచి నేరుగా సముద్రంలోకి దింపుతారు. నీటి మీద చూసేవాడికి అది గుడ్డ పడవలా కనిపిస్తుంది. ఒడ్డుకు చేరగానే తెర పడిపోతుంది, ట్యాంకు బయటపడుతుంది. ఆలోచన బాగుంది. గాలి మారి అలలు లేచేసరికి తెరలు నిలవలేదు. వాలంటైన్ ట్యాంకులు కొన్ని మునిగిపోయాయి, ఆరుగురు సైనికులు చనిపోయారు. ఆ ట్యాంకులు ఇప్పటికీ అక్కడి నీటి అడుగునే ఉన్నాయి. 2019లో వాటిని రక్షిత స్మారకాలుగా ప్రకటించారు.

గుడ్డ తెర ఎంత అలను తట్టుకుంటుందో చెప్పే లెక్క ఆ రోజే చేతికొచ్చింది. ఆ లెక్కను అందరూ ఒకేలా చదువుకున్నారా అన్నది చివర్లో చూద్దాం.

ఇప్పుడు దక్షిణ డెవన్‌కు రావాలి. స్లాప్టన్ సాండ్స్ అనే తీరం పేరుకు ఇసుకే గానీ నిజానికి ముతక గులకరాళ్ళ కట్ట. దాని వెనకే మంచినీటి మడుగు. ఈ రెంటి మధ్య సన్నగా రోడ్డు. నార్మండీలో యూటా అని పేరు పెట్టిన తీరం కూడా ఇలాగే ఉంటుంది, కట్ట దాటితే వెనక నీళ్ళు నిండిన పల్లపు నేల. ఇంత పోలిక మళ్ళీ దొరకదని అమెరికన్లు అడిగారు, బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చింది. ఇవ్వడమంటే అక్కడున్న జనాన్ని ఖాళీ చేయించడమే. స్లాప్టన్, టోర్‌క్రాస్, స్టోకెన్‌హామ్, స్ట్రీట్, బ్లాకాటన్ లాంటి ఊళ్ళతో కలిపి దాదాపు 30,000 ఎకరాలు. దాదాపు 3,000 మంది. 1943 నవంబరు నడిమిలో చర్చి భవనాల్లో సభలు పెట్టి చెప్పారు, డిసెంబరు 20 కల్లా వెళ్ళిపోవాలని. ఎందుకో చెప్పలేదు. ఆరు వారాల్లోపు పశువులు, గడ్డి, ధాన్యం, కుక్కిమంచాలు, ముసలివాళ్ళు అన్నీ కదలాలి. జీవితంలో పక్క సంతకు తప్ప ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు కూడా అందులో ఉన్నారు. భూసేకరణ నోటీసు వచ్చిన ఊరి సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ తేడా ఒక్కటే, తిరిగి రానిస్తామన్నారు, రానిచ్చారు కూడా. వచ్చేసరికి పొలాల్లో పేలని గుండ్లున్నాయి, ఇళ్ళకు కప్పులు సరిగా లేవు, ఎలుకలు మాత్రం బాగా బలిశాయి.

జనవరి నుంచి అక్కడ విన్యాసాల మీద విన్యాసాలు. ఏప్రిల్ చివరిది యూటా తీరానికి పోబోయే 4వ డివిజన్ కోసం, దానికి ‘టైగర్’ అని పేరు. ఏప్రిల్ 28 తెల్లవారకముందే ఎనిమిది పెద్ద ఎల్‌ఎస్‌టీ ఓడలు ట్యాంకులూ, సైనికులూ, పెట్రోలూ నింపుకుని లైమ్ అఖాతంలో వరసగా వస్తున్నాయి. కాపలాకు ఉండాల్సిన యుద్ధనౌకలు రెండు. ఒకటి ముందు రాత్రి చిన్న ఢీకొనడంలో దెబ్బతిని రేవులో ఆగిపోయింది. ఆ సంగతి ఓడల వరసకు తెలియలేదు. మిగిలినది ఒకే ఒక్క చిన్న నౌక, అజేలియా. కాగితం మీద పడిన పొరపాటు వల్ల అమెరికన్ ఓడలకు ఇచ్చిన రేడియో తరంగాలు ఒకటి, బ్రిటిష్ వాళ్ళవి ఇంకొకటి. జర్మన్ టార్పెడో బోట్లు తొమ్మిది షెర్బూర్గ్ నుంచి వచ్చి ఆ చీకట్లో వీళ్ళ మీద పడ్డాయి. 507, 531 నంబర్ల ఓడలు రెండూ మునిగిపోయాయి. 289 వెనక భాగం ఎగిరిపోయినా ఎలాగో డార్ట్‌మత్ చేరింది. అధికారిక లెక్క ప్రకారం 749 మంది చనిపోయారు.

అందులో ఒక వివరం చదివినప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది. గాలి నింపే లైఫ్‌బెల్టును చంకల కింద కట్టుకోవాలని చాలామందికి ఎవరూ చెప్పలేదు. బరువైన సంచీ వీపున ఉండడంతో నడుముకు కట్టుకున్నారు. నీళ్ళలో దూకగానే బెల్టు నడుమును పైకి లేపింది, తల కిందికి పోయింది. బెల్టు కట్టుకున్నందుకే మునిగిపోయారు. పడవలో ఎవడు ఎక్కడ నిలబడాలో అంగుళాల లెక్కన నేర్పిన సైన్యం అది. నీళ్ళలో పడితే ఏం చేయాలన్నది ఆ పాఠంలో లేకపోయింది. ఆ తర్వాత బెల్టు వాడకం నేర్పారు, రేడియో తరంగాలు ఒకటి చేశారు, మునిగినవాళ్ళను ఏరే చిన్న పడవలను దాడి రోజుకు ఏర్పాటు చేశారు.

ఈ సంఘటన నలభై ఏళ్ళు రహస్యంగా దాచారని చాలాచోట్ల రాస్తారు. నిజానికి దాడి జరిగేదాకా గట్టిగా మూసి ఉంచారు, అందుకు కారణమూ ఉంది. 1944 ఆగస్టులోనే సైన్యం ప్రకటన ఇచ్చింది. నార్మండీ వార్తల హోరులో ఎవరికీ చెవికెక్కలేదు, అంతే. శవాలను ఏదో పొలంలో గుట్టుగా పూడ్చేశారన్న కథ కూడా తిరుగుతూ ఉంటుంది. దానికి ఆధారం లేదు. దొరికినవాళ్ళను బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఖననం చేసి, యుద్ధం ముగిశాక కొందరిని కేంబ్రిడ్జ్ దగ్గరి అమెరికన్ శ్మశానానికి, కొందరిని సొంత ఊళ్ళకూ చేర్చారు. దాచారనే కథకు మనం ఇచ్చే గిరాకీ, ఎవరూ పట్టించుకోలేదనే నిజానికి ఇవ్వం.

పట్టించుకున్నవాడు ఒకడున్నాడు. టోర్‌క్రాస్‌లో చిన్న అతిథిగృహం నడిపే కెన్ స్మాల్. ఒడ్డున నడుస్తూ ఇసుకలో బొత్తాలు, తూటాలు, నాణేలు ఏరడం అలవాటు. వలలు ఒకచోట చిక్కుకుంటున్నాయని ఒక జాలరి చెప్పగా ఆరా తీస్తే నీటి అడుగున అమెరికన్ షెర్మన్ ట్యాంకు, తేలే రకం. విన్యాసాల్లో మునిగినది. 1974లో దాన్ని అమెరికన్ ప్రభుత్వం నుంచి 50 డాలర్లకు కొన్నాడు. పైకి తేవడానికి మరో పదేళ్ళు పట్టింది. 1984 మే నెలలో తేలిన ఆ ట్యాంకు ఇప్పుడు టోర్‌క్రాస్‌లో నల్లరంగు పూసుకుని స్మారకంగా నిలబడి ఉంది. అదే తీరంలో అమెరికన్ సైన్యం 1954లో నిలిపిన రాతి స్తంభం కూడా ఉంది. అది ఇళ్ళు ఖాళీ చేసిన గ్రామస్తులకు కృతజ్ఞత చెప్పేది, చనిపోయిన సైనికుల ఊసు అందులో లేదు. చచ్చినవాళ్ళ సంగతి చెప్పడానికి ఒక హోటలువాడు 50 డాలర్లు పెట్టి ఇనుము కొనాల్సి వచ్చింది.

ఇక నార్మండీ దాడి రోజు, 1944 జూన్ 6. యూటాలో 4వ డివిజన్‌కు ఆ రోజు చనిపోయిన, గాయపడిన, గల్లంతైనవాళ్ళందరూ కలిసి 200 లోపే. రిహార్సల్లో పోయినవాళ్ళ లెక్కలో మూడో వంతు కంటే తక్కువ. అదే నార్మండీలో ఒమాహా అని పేరు పెట్టిన తీరం కథ వేరు. బ్రాంటన్‌లో మొదటి పాఠం చదివిన 116వ రెజిమెంటు అక్కడ దిగింది. దాని ఏ కంపెనీలో వర్జీనియా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ అనే చిన్న పట్నం కుర్రవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఒక్క రోజే సుమారు ఇరవై మంది పోయారు. వాళ్ళను మోసుకెళ్ళినవి బ్రిటిష్ ఎల్‌సీఏ పడవలు, వాటి ముందు తలుపు ఇరుకు. దిబ్బల్లో ఎన్నిసార్లు వరస దిద్దుకున్నా, తలుపు తెరుచుకోగానే ఎదురుగా మెషిన్‌గన్ ఉంటే వరసలో ముందున్నవాడే ముందు పడతాడు. నిప్పు యంత్రాలు, మోర్టార్లు చాలావరకు నీళ్ళపాలయ్యాయి. అయినా, ఆ తీరం దాటగలిగిన చిన్న చిన్న గుంపులు తమ అధికారులు లేకుండానే ముళ్ళతీగ పేల్చి, కొండ ఎక్కి, గూళ్ళను వెనకనుంచి పట్టుకున్నాయి. అది దిబ్బల్లో నేర్చుకున్న విద్యే. థాంప్సన్ కూడా ఆ రోజు అదే తీరం మీద ఇంజినీరు బ్రిగేడ్‌కు నాయకుడిగా దిగి తీవ్రంగా గాయపడ్డాడు.

తేలే ట్యాంకుల లెక్క చూద్దామన్నాం కదా. ఒమాహా తూర్పు సగంలో 741వ బెటాలియన్ తన ట్యాంకుల్లో 29ని ఒడ్డుకు ఐదారు కిలోమీటర్ల దూరంలోనే నీళ్ళలోకి దింపింది. 27 మునిగాయి. పక్కనే పడమటి సగంలో 743వ బెటాలియన్ వాళ్ళు అలలు చూసి, దింపడం మానుకుని, పడవలను నేరుగా ఒడ్డుకు తీసుకెళ్ళి ట్యాంకులు దించారు. స్టడ్లండ్ అడుగున పడి ఉన్న ఆ వాలంటైన్లకు రెండు నెలల తర్వాత, ఒకే ఉదయం, ఒకే తీరంలో రెండు జవాబులు వచ్చాయి.

ఇక్కడ మన తీరం గుర్తుకు రాకపోదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో ఊళ్ళకు ఊళ్ళు లోపలి పల్లెలకు తరలిన కథలు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెబుతూ ఉండేవాళ్ళు. విశాఖ ఆర్కే బీచ్ దగ్గర, జాలరిపేట దగ్గర అప్పటి పిల్‌బాక్సులు ఇసుకలో కూరుకుని ఉన్నాయి, కోత పడినప్పుడు పైకి తేలుతుంటాయి. అవి కాపలా రకం, ఈ వారం కథలోవి కావు. కానీ వాటి ముఖం ఎటు ఉందో, సందు ఎంత వెడల్పో, ఏ కంకరతో పోశారో కొలిచి రాసిపెట్టుకోవడానికి మనకు అడ్డేమీ లేదు. బ్రిటన్‌లో 1995 నుంచి 2002 దాకా నడిచిన ఒక సర్వేలో దాదాపు 600 మంది స్వచ్ఛంద కార్యకర్తలు టేపులూ నోట్‌బుక్కులూ పట్టుకుని తిరిగి దాదాపు 20,000 సైనిక కట్టడాలను నమోదు చేశారు. వాళ్ళలో చాలామందికి పురావస్తు శాస్త్రం వృత్తి కాదు.

తొందర కూడా ఉంది. స్లాప్టన్ కట్ట మీది రోడ్డును 2001లోనూ 2018లోనూ తుపాను అలలు కోసేశాయి. కాంక్రీటు లోపలి ఇనుము ఉప్పుగాలికి ఉబ్బి పెచ్చులు ఊడుతుంది. నీటి అడుగున ఉన్నవాటి పని ఇంకా త్వరగా తెమిలిపోతుంది, ఇనుము ఏటేటా పలచబడుతోంది. నార్మండీ దారిలో సస్సెక్స్ తీరంలోని సెల్సీ దగ్గర ఒక ట్యాంకుల పడవ బోల్తాపడి సెంటార్ ట్యాంకులు, కవచం తొడిగిన బుల్‌డోజర్లు మునిగాయి. అవి ఈతగాళ్ళకు ఇప్పటికీ కనిపిస్తున్నాయి, ఎన్నాళ్ళు కనిపిస్తాయో లెక్కకు అందదు.

అదే సెల్సీకి పక్కన పాగమ్ దగ్గరా, పోర్ట్‌లాండ్ రేవులోనూ ఇంకో రకం కాంక్రీటు ఉంది. అది తేలింది. ఐదంతస్తుల మేడంత ఎత్తున్న కాంక్రీటు పెట్టెలను కట్టి, సముద్రం మీద ఫ్రాన్స్ దాకా లాక్కెళ్ళి, అక్కడ రేవులనే అమర్చారు. ఆ మల్బరీ రేవుల కథ వచ్చే వారం.